తోటి వేషం, తోటి గొంతు

ఏటా వేసవిలో, సాధారణంగా మే నెలలో, తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్లు రోజుకొక వేషం కడతారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి ఇట్లా. అమ్మ పాలెగాడి కోసం మారువేషాల్లో తిరిగి, దొర వేషంలో వాడి తల నరికిందని కథ. ముఖ్యమైన వేషాలు కైకాల కుటుంబాలవి. మిగతావాళ్లు మొక్కుబడి కొద్దీ వేస్తారు. వీటిలో తోటి, మాతంగి మన పేర్లు.

తోటి వేషం రోజు ఒంటికి బొగ్గు పూసుకుని, వేపమండలు పట్టుకుని తిరుగుతారు. బూతులు తిట్టడం జాతరలో ఆచారం. వేసేవాళ్ల భక్తిని మేము శంకించడం లేదు. కానీ ఆ నలుపు, తోటివాడి మీద ఇతరులు చూసిన నలుపు. ఊరి కబురు మోసేటప్పుడు, చచ్చిన గొడ్డును ఈడ్చేటప్పుడు వాడి లోపలేముందో వేషానికి తెలీదు. కనబడేదాన్ని పట్టుకునేది అనుకరణ. ఎవరి మీద, ఎందుకు కోపమో తెలిసి తన నోటితో చెప్పుకునేది అభివ్యక్తి. జాతరలో చెల్లిన తిట్టే మామూలు రోజు నిజమైన తోటి తిట్టి ఉంటే వాడి వీపు పగిలేది గదా.

మాతంగి సంగతి ఇంకా కష్టం. మాతంగి పూనిన మాదిగ స్త్రీ పైకులాలవాళ్లను తిట్టి, ఉమ్మేదని 1909లో అచ్చయిన థర్స్టన్ గ్రంథంలో ఉంది. తిరుపతిలో ఆ పేరు మగవాడు కట్టిన చీర. పాత చిత్తూరు జిల్లా పల్లెల్లోనేమో మాతమ్మకు వదిలేసిన మాదిగ ఆడబిడ్డలున్నారు. 1988లో చట్టం నిషేధించాక కూడా, 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రాష్ట్రానికి నోటీసు పంపాల్సి వచ్చింది. వేషగాడు సాయంత్రానికి చీర విప్పేస్తాడు. ఆమె ఆడమన్నప్పుడు ఆడాల్సిందే. ఆ ఆటను ఆమె ఉద్వేగమని రాసే పరిశోధకులు, ఆడనని చెప్పే వీలు ఆమెకుందా అని ముందు అడగాలి.

దండోరా మరో రకం. మునసబు హుకుం చాటడానికి మనవాళ్లు కొట్టిన డప్పు అది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టాక, అదే డప్పు మీద తమ వాటా సంగతి చాటారు. పేరు చివర మాదిగ అని రాసుకోవడమూ అప్పుడే ఊపందుకుంది. ఇది రెడ్డి, చౌదరి తోకలకు అనుకరణ కాదా అని అడిగేవాళ్లుంటారు. మేము ఒప్పుకోం. ఆ తోకలతో ఊర్లో కుర్చీ దొరికేది. మాదిగ అని రాసుకున్నవాడు, టౌనులో అద్దె ఇల్లు దొరకడం కూడా కష్టమని తెలిసే రాసుకున్నాడు.