ఊరు కట్టిన జోగు, పట్నం పెట్టిన కేసు

వరంగల్లు, హన్మకొండ, కాజీపేట మూడూ కలిసి ఒకే పట్నమైంది. ఈ పట్నంలో ఏదో ఒక లాడ్జీ మీదనో అద్దె ఇంటి మీదనో పోలీసులు దాడి చేశారన్న వార్త జిల్లా పేజీల్లో తరచు కనబడుతుంది. వార్త మూస ఒకటే: నిర్వాహకుడు, విటులు, మహిళలు 'పట్టుబడ్డారు'. పట్టుబడ్డారన్న మాట అందరికీ కలిపి ఒకటే వేస్తారు గానీ, అక్కడి నుంచి వాళ్ల దారులు వేరు. ఎవరు ఏ దారిన పోతారో చట్టం ముందే రాసి పెట్టుకుంది. ఆ రాత చదవాలంటే సెక్షన్లు తెలిస్తే చాలదు. పట్నానికి రాకముందు ఆ ఆడమనిషి ఏ ఊరిలో, ఏ వాడలో పుట్టిందో కూడా అడగాలె. చట్టం ఆ ప్రశ్న అడగదు.

ముందు చట్టం సంగతి. మన దేశంలో వ్యభిచారం నేరమనే అందరూ అనుకుంటారు, చాలామంది పోలీసులతో సహా. చట్టంలో ఆ మాట లేదు. మనుషుల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా 1950లో ఐక్యరాజ్యసమితి తెచ్చిన ఒప్పందం మీద మన ప్రభుత్వం సంతకం చేసింది. దాని వెంట 1956లో ఒక చట్టం వచ్చింది. 1986లో దాన్ని సవరించి ఇప్పటి పేరు పెట్టారు: అనైతిక వ్యాపార నిరోధక చట్టం. ఇది శిక్షించేది ఆ పనిని కాదు, దాని చుట్టూ ఉన్నవాటిని. బ్రోతల్ నడపడం 3వ సెక్షన్, ఇంకొకరి సంపాదన మీద బతకడం 4వ సెక్షన్, మనుషులను తెచ్చి దింపడం 5వ సెక్షన్. వయసు వచ్చిన ఒక స్త్రీ తన గదిలో తానొక్కతే, ఎవరినీ బజార్లో పిలవకుండా ఈ పని చేసుకుంటే ఏ సెక్షనూ పట్టదు. కాయితం మీద ఇంతే.

మరి నేలమీద? ఇద్దరు ఆడవాళ్లు ఖర్చు కలిసివస్తుందని ఒకే గదిలో ఉండి ఇద్దరి లాభం కోసం ఈ పని చేశారంటే అది చట్టం లెక్కలో బ్రోతలే. ఆమె సంపాదనతో బతికే కొడుక్కి పద్దెనిమిదేళ్లు నిండితే 4వ సెక్షన్ అతని మీదికి వస్తుంది. ఇంట్లో ముసలితల్లి ఉంటే ఆమె మీదికీ వస్తుంది. 7వ సెక్షన్ ప్రకారం గుడి, మసీదు, చర్చి, బడి, హాస్టలు, ఆస్పత్రి, వీటికి రెండు వందల మీటర్ల లోపల చేస్తే మూడు నెలల దాకా జైలు. వరంగల్లు పటం పరుచుకుని చూడండి. వేయిస్తంభాల గుడి, భద్రకాళి, ఎంజీఎం ఆస్పత్రి, సందుకో నర్సింగ్ హోము, హన్మకొండ నిండా కాలేజీలూ హాస్టళ్లూ. ఒక్కొక్కదాని చుట్టూ రెండు వందల మీటర్ల గుండ్రం గీస్తే మిగిలే జాగ ఎంత? చట్టం వద్దనలేదు, జాగ మాత్రం ఇయ్యలేదు.

8వ సెక్షన్ ఇంకా విచిత్రం. బహిరంగంగా పిలిచిన ఆడమనిషికి మొదటిసారి ఆరు నెలల దాకా, ఆ తర్వాత ఏడాది దాకా శిక్ష. అదే నేరం మగవాడు చేస్తే ఏడు రోజుల నుంచి మూడు నెలలు. స్త్రీ పురుషులిద్దరికీ వర్తించాలని 1986లో 'వ్యక్తి' అని మార్చిన చట్టమే మగవాడికి ఈ రాయితీ రాసింది. విటుడి పేరు చట్టంలో తిన్నగా వచ్చేది 7వ సెక్షన్‌లోనే. బ్రోతల్‌లో దొరికిన విటుడి మీద పోలీసులు 3, 4, 5 సెక్షన్లు పెట్టడం, అవి అతనికి వర్తించవని హైకోర్టు కొట్టేయడం 2014 నుంచి మామూలైంది. సెక్షన్ల భాష చూస్తే ఆ తీర్పులు తప్పు కాదు. అతను ఇంటికి పోతాడు. ఆమెను 17వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు రక్షణ గృహానికి పంపవచ్చు. ఏడాది నుంచి మూడేళ్ల దాకా ఉంచవచ్చు. 20వ సెక్షన్ కింద 'నువ్వు ఈ ప్రాంతంలోనే ఉండొద్దు' అని వెళ్లగొట్టనూ వచ్చు. ఆ వెళ్లగొట్టే అధికారం రాజ్యాంగబద్ధమేనని 1963లో సుప్రీంకోర్టు చెప్పింది. వెలి అన్నది మన వాడలకు కొత్త కాదు. సెక్షన్ నంబరు మాత్రం కొత్తది.

ఇప్పుడు చరిత్ర. వరంగల్లులో ఈ ముచ్చట ఎత్తితే పండితులు వెంటనే కాకతీయుల కాలానికి పోతారు. ప్రతాపరుద్రుడి ఉంపుడుగత్తె మాచల్దేవి, ఆమె చిత్రశాల, వాటిని వర్ణించిన క్రీడాభిరామం. కాకతీయుల నాటి శాసనాల్లో సానులున్నారు. వాళ్లకు భూములున్నాయి, గుళ్లకు దానాలు చేసినవాళ్లున్నారు, ఆట పాట నేర్చినవాళ్లున్నారు. జాయప సేనాని నృత్తరత్నావళి రాసిన కాలమది. ఇదంతా నిజమే. అయితే ఈ సానుల కథనే దళిత స్త్రీల కథగా చెప్పి, 'ఒకప్పుడు గౌరవంగా ఉండేది, తర్వాత చెడిపోయింది' అని ముగించడం మాత్రం నిజం కాదు. సానికి గుడి లోపల చోటుంది. మాల, మాదిగ ఆడపిల్లకు గుడి గడపే లేదు. ఆమెను కట్టింది ఊరి బయటి పోచమ్మకు, ఎల్లమ్మకు. ఆమెకు మాన్యం లేదు, చిత్రశాల లేదు. రెండింటినీ 'దేవదాసి' అన్న ఒక్క పేరు కింద కలిపితే లాభపడేది సంస్కృతి గురించి మాట్లాడేవాళ్లే.

మన జిల్లాల కథ దొర గడీ దగ్గర మొదలుపెట్టాలె. నిజాం పాలనలో జనగామ, నల్గొండ, వరంగల్లు పల్లెల్లో వెట్టి ఎట్ల సాగిందో అందరికీ తెలుసు. ఆ వెట్టిలోనే ఆడబాప ఉంది. దొరసాని కూతురు అత్తారింటికి పోతుంటే సారెతో పాటు ఒక ఆడపిల్లను పంపేవాళ్లు. పగలు చాకిరి, రాత్రి ఆ ఇంటి మగవాళ్లు. సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో దీన్ని వెట్టి రూపాల్లో ఒకటిగానే చెప్పారు. విసునూరు దేశ్‌ముఖ్ మీద పాలకుర్తి ఐలమ్మ నిలబడ్డది భూమి కోసమని చదువుకుంటాం. ఆ గడీల్లో ఆడవాళ్ల శరీరం కూడా భూమి లెక్కనే పట్టాలో ఉండేదన్న సంగతి పాఠాల్లోకి రాలేదు. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్నీ వెట్టినీ ఒకే వాక్యంలో నిషేధించింది. ఆ రెండూ ఒకే వాక్యంలో ఎందుకుండాలో ఆడబాపను ఎరిగిన తెలంగాణకు వివరించి చెప్పనక్కర లేదు. 1956 చట్టం రాసినవాళ్లు మాత్రం ఆ వాక్యాన్ని రెండుగా చీల్చారు. వ్యాపారం ఒక చట్టానికి పోయింది, వెట్టి ఇంకో చట్టానికి పోయింది. మధ్యలో కులం జారిపోయింది.

జోగిని దగ్గరికి వద్దాం. పిల్లకు జబ్బు చేసిందనో, మగపిల్లలు లేరనో, ఊరికి అరిష్టమనో చెప్పి చిన్న వయసులోనే దేవత పేర కట్టేస్తారు. పట్నం వేస్తారు, పుస్తె కడతారు. ఈడు వచ్చాక మొదటి హక్కు ఊరిలో పెద్ద భూమి ఉన్నవాడిది, తర్వాత ఆమె ఊరుమ్మడి. జాతరలో ముందు నడవాలె, శవం ముందర ఆడాలె. పేర్లు చోటును బట్టి మారతాయి: తెలంగాణలో జోగిని, పార్వతి, రాయలసీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ. పేరు ఏదైనా కట్టబడేది ఎక్కువగా మాల, మాదిగ పిల్లలే. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఈ ఆచారం మీద ప్రచారం నడిపాడు. 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్యసంఘం పెట్టినవాడాయన. అగ్రకుల సంస్కర్తలు సానిమేళాల గురించి వాదించుకుంటున్న రోజుల్లోనే ఆయన మన వాడల్లో తిరిగి జోగిని ఆపండని చెప్పాడు. సంఘసంస్కరణ చరిత్రలో ఆ వరస ఎక్కడా కనిపించదు.

మద్రాసు రాష్ట్రంలో 1947లో దేవదాసి నిరోధక చట్టం వచ్చింది. అది కోస్తాకు, రాయలసీమకు వర్తించింది, నిజాం ఇలాకాలో ఉన్న వరంగల్లుకు కాదు. 1980లలో నిజామాబాదు జిల్లా వర్ని ప్రాంతంలో హేమలతా లవణం జోగినుల మధ్య పనిచేశారు. ఆమె గుర్రం జాషువా కూతురు. ఆ పని ఒత్తిడి కూడా కలిసి 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీల (అంకిత నిషేధ) చట్టం వచ్చింది. బసివి, జోగిని, పార్వతి, మాతమ్మ పేర్లను చట్టమే ఎత్తి చెప్పింది. జోగినిగా కట్టిన స్త్రీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లుతుందని, పిల్లలు సక్రమ సంతానమేనని రాసింది. ఇది మంచి మాట. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ ఇదే చట్టం నడుస్తోంది.

శిక్షలు చూస్తే మాత్రం గొంతులో ముద్ద దిగదు. అంకితం చేసినవాళ్లకు, చేయించినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు. తల్లిదండ్రులో సంరక్షకులో అయితే ఐదేళ్ల దాకా. అంటే కూలికి పోయే మాదిగ తల్లికి ఎక్కువ శిక్ష. పట్నం వేసిన బైండ్లాయన ఆ తర్వాత. ఈడు వచ్చాక ఆ పిల్లను 'చేరదీసిన' ఆసామి సంగతి? అతను ఆ కార్యానికి రాలేదు, సంతకం పెట్టలేదు, పుస్తె కట్టలేదు. చట్టం కార్యాన్ని నిషేధించింది, ఆ కార్యం ఎవరి కోసం జరిగిందో వాడిని వదిలేసింది. లాడ్జీలో విటుడు ఎట్ల జారిపోతాడో ఊరిలో దొర అట్లనే జారిపోయాడు. నా లెక్కలో ఈ రెండు చట్టాలకూ ఉన్న పోలిక ఇదే. ఒకటి పట్నంలో కులాన్ని చూడదు, ఒకటి పల్లెలో మగవాడిని చూడదు.

దీన్ని కొంత సరిచేసింది అత్యాచారాల నిరోధక చట్టం. 1989 చట్టంలోనే 3(1)(12) కింద, పెత్తనం చలాయించే స్థితిలో ఉండి ఎస్సీ, ఎస్టీ స్త్రీని లైంగికంగా వాడుకుంటే నేరమని ఉంది. జోగినుల విషయంలో ఆ క్లాజును వాడాలన్న ఆలోచనే మన సంఘాలకు ఆలస్యంగా వచ్చింది. 2015 సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 3(1)(కె) కొత్తగా చేరింది: ఎస్సీ, ఎస్టీ స్త్రీని దేవదాసిగా గానీ అటువంటి మరో ఆచారంలో గానీ అంకితం చేయడం, ప్రోత్సహించడం నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. ఇక్కడ ఒక తేడా జాగ్రత్తగా గమనించాలె. ఈ చట్టం కింద ముద్దాయి ఎస్సీ, ఎస్టీ కానివాడై ఉండాలి. కాబట్టి తల్లిదండ్రులు దీని కిందికి రారు. ఎస్సీ జాబితాలోనే ఉన్న బైండ్ల పూజారీ రాడు. వచ్చేది వెనక నిలబడి చేయించిన పటేలు, సర్పంచి, ఆసామి. 1988 చట్టం ఎవరిని మొదట పట్టుకుంటుందో వాళ్లను ఇది వదులుతుంది, అది ఎవరిని వదిలిందో వాళ్లను ఇది పట్టుకుంటుంది. అదే సవరణలో 3(1)(డబ్ల్యు) దగ్గర ఇంకో మాట ఉంది: స్త్రీకి అంతకుముందు ఎవరితో సంబంధాలున్నా, నిందితుడితోనే ఉన్నా, దాన్ని ఆమె సమ్మతిగా లెక్కించకూడదు. 'అది జోగినే కదా' అన్న వాదానికి జవాబు అక్కడుంది.

అన్ని కులాలకూ ఈ తలుపు తెరుచుకోదు. వరంగల్లు, హైదరాబాదు దారిలో ఉన్న యాదగిరిగుట్టలో 2018లో పోలీసులు వేశ్యాగృహాల మీద దాడులు చేశారు. మొదట పదకొండు మంది చిన్న ఆడపిల్లలను, తర్వాత మరికొందరిని బయటికి తెచ్చారు. తొందరగా ఈడేరాలని హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారని కేసు. ఇళ్లకు సీలు వేశారు. అక్కడ నిందితుల్లో ఎక్కువమంది దొమ్మర కులంవాళ్లు. దొమ్మరాట ఆడి ఊరూరా బతికిన సంచార కులమది. ఆట పోయింది, భూమి ఎన్నడూ లేదు. ప్రభుత్వ జాబితాలో వాళ్లు బీసీ-ఏ. అత్యాచారాల చట్టం వాళ్ల ఆడపిల్లలకు పనికిరాదు. పిల్లలను అమ్మిన నేరానికి ఎవరినీ వెనకేసుకు రానక్కర లేదు. కానీ గుట్టకు దర్శనానికి వచ్చి ఆ ఇళ్లకు పోయినవాళ్ల కులం ఏమిటని ఒక్క వార్తా అడగలేదు, దొమ్మర అన్న మాట మాత్రం అన్ని వార్తల్లోనూ ఉంది.

ఖాళీ చేయించడం పరిష్కారమనుకునేవాళ్లు హైదరాబాదు మెహబూబ్ కీ మెహందీని చూడాలె. పాతబస్తీలో తరాల నాటి ఆ వాడను 1990లలో ఖాళీ చేయించారు. ఆ స్త్రీల పిల్లల కోసం అక్కడే ఒక బడి తెరిచారు. 1996లో మొదలైన ప్రజ్వల సంస్థకు పునాది అదే. పిల్లలకు బడి దొరికింది, కొందరు తల్లులకు ఆసరా దొరికింది. వాడ పోయింది గానీ పని పోలేదు. ఒక చోట ఉన్నప్పుడు పక్కింటామె ఉండేది. విడిపోయాక ఒక్కొక్కతి ఒక్కొక్క గదిలో, ఒక్కొక్క బ్రోకరు చేతిలో.

2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వును 'వ్యభిచారం చట్టబద్ధం' అని పేపర్లు రాశాయి. అది సరికాదు. దాడుల్లో స్త్రీలను అరెస్టు చేయొద్దన్న కమిటీ సిఫారసు ఆ ఉత్తర్వులో ఉంది. దానిమీద కేంద్రానికి అభ్యంతరం ఉండడంతో వెంటనే అమలుచేయాలన్న జాబితాలో అది చేరలేదు. జాబితాలో చేరినవి వేరే: లైంగిక దాడి జరిగితే సెక్స్ వర్కర్‌కూ అందరిలాగే వైద్యం, సాయం అందాలి, రక్షణ గృహాల్లో ఇష్టం లేకుండా ఉన్న వయోజన స్త్రీలను గుర్తించి విడుదలకు చూడాలి, వాళ్ల ఫొటోలు, పేర్లు పత్రికలు వేయొద్దు, కండోములను నేరానికి సాక్ష్యంగా చూపొద్దు. వరంగల్లులో ఏ దాడి జరిగినా ఈ నాలుగూ పట్టుకుని స్టేషనుకు పోవచ్చు.

ఇది పనా, దోపిడీనా అన్న వాదన కలకత్తా సోనాగాచి సంఘాలకూ దళిత స్త్రీవాదులకూ మధ్య చాలాకాలంగా ఉంది. పని అంటే హక్కులొస్తాయని వాళ్లంటారు. కులం కట్టబెట్టిన దాన్ని పని అంటే పాకీపనినీ అట్లనే అనాలి కదా అని వీళ్లంటారు. నాకు రెండో మాటలో బలం కనబడుతుంది. అయినా ఆ వాదన తేలేదాకా ఆమెను జైలుకో హోముకో పంపుతూ ఉండొచ్చని దాని అర్థం కాదు.

కార్యకర్తలు ఒకటి చేయవచ్చు. దాడిలో పట్టుబడ్డ స్త్రీని కలిసినప్పుడు ఊరు, కులం, చిన్నప్పుడు ఏ దేవత పేరన్నా కట్టారా అని నెమ్మదిగా, ఆమెకు ఇష్టమైతేనే అడగండి. కట్టారంటే అది కట్టిన నాటి నేరం, ఆనాటి చట్టం కింద చూడాలె. కట్టింది 2016 జనవరి 26 తర్వాతైతే 3(1)(కె) వర్తిస్తుంది. అప్పుడు ఫిర్యాదు లాడ్జీ ఉన్న స్టేషన్లో ఆగదు, ఆమె ఊరి స్టేషన్‌కు పోతుంది, డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. ముద్దాయిల పేర్లలో మొదటి పేరు ఎవరిదో ఆమెకు తెలుసు.