కంచె ఎంత దూరము?

చిన్ననాట వీధులలో క్రికెట్టాడినవారికి, పొరుగువారి పెరటిలో బంతి పడినచో ఆటగాడు ఔటనియు, వేపకొమ్మకు తగిలినచో రెండు పరుగులనియు, మురుగుకాలువ దాటినచో నాలుగనియు, ఆట మొదలుకాకముందే ఇరుపక్షములవారును గుమిగూడి చేసికొన్న కట్టుబాట్లు ఈనాటికిని జ్ఞాపకముండును. అవి ఏ గ్రంథమునను లేవు. ఆ వీధికి మాత్రమే చెల్లును. ప్రక్కవీధిలో చెట్టు వేరు, గోడ వేరు, కనుక కట్టుబాటును వేరు. అమెరికాలోని చిన్నకళాశాలల బేస్‌బాల్ ఆటను గూర్చి తెలిసికొనగోరువారు ఈ జ్ఞాపకముతోనే మొదలుపెట్టుట మేలు. ఏలయన, అంపైర్లును శిక్షకులును గల ఆ నియమబద్ధమైన పోటీలలో సైతము, తొలి బంతి పడుటకు ముందు ఇరుజట్ల శిక్షకులును బ్యాటరు నిలుచు హోంప్లేటు కడ అంపైర్లను కలిసికొందురు. ఆతిథ్యమిచ్చు జట్టు శిక్షకుడు తన మైదానపు విశేషములను అప్పుడు విన్నవించును. ఎడమ మూలను కంచె క్రింద సందు కలదు, బంతి అందులో దూరినచో పరుగెత్తువారికి రెండు బేసులు, కుడిప్రక్క పనిముట్ల కొట్టు కప్పుపై బడిన బంతి ఆటకు వెలుపలిది, ఇట్టివి. వీనినే వారు గ్రౌండ్ రూల్సు అందురు. మన వేపకొమ్మ శాసనమునకును దీనికిని జాతిలో భేదము లేదు.

బేస్‌బాల్ మైదానపు లోపలి భాగమున అంగుళమైనను తప్పరాదు. పరుగెత్తువారు వరుసగా తాకవలసిన నాలుగు బేసులు కలిసి యేర్పరచు చతురస్రమున ఒక్కొక్క భుజము 90 అడుగులు. బంతి విసరు పిచ్చరు కాలూను పలకకును, బ్యాటరు చెంతనుండు హోంప్లేటునకును నడుమ దూరము 60 అడుగుల 6 అంగుళములు. 1893లో నిర్ణయింపబడిన ఈ దూరము నేటికిని మారలేదు. మహానగరపు క్రీడాస్థలి యందైనను, కొండల నడుమనున్న కళాశాల పచ్చికపైనైనను ఈ కొలతలొక్కటే. కాని ఆ చతురస్రమును దాటి వెలుపలికి చూచినంతనే నియమగ్రంథము తన పట్టును సడలించును. హోంప్లేటు నుండి కంచె 250 అడుగులకు తక్కువ దూరమున నుండరాదనియు, ఇరుప్రక్కల గీతల వెంబడి 320 అడుగులును, నడిమధ్యమున 400 అడుగులును ఉండుట మేలనియు మాత్రము వృత్తిక్రీడల నియమావళి చెప్పును. కంచె ఎత్తెంత, అది వంకరగా పోవచ్చునా, నేల సమతలముగా నుండవలెనా అను ప్రశ్నలను ఆ యా ఊళ్ల భూమికే విడిచిపెట్టినది. అంతర్జాతీయ క్రికెట్టునందును పురుషుల పోటీలలో బౌండరీ 65 గజములకు తగ్గకుండ 90 గజములకు మించకుండ ఎచ్చటనైనను ఉండవచ్చును. కాని క్రికెట్టు బంతి బౌండరీ త్రాటిని తాకగానే ఆగిపోవును. బేస్‌బాల్‌నందో, గాలిలో కంచెను దాటిన బంతి హోం రన్నగును గాని, కంచెకు తగిలి వెనుకకు మరలిన బంతి ఇంకను బ్రతికియే యుండును. కనుక గోడ యొక్క ఎత్తును, వంపును, కరకుదనమును ఆటలో పాలుపంచుకొనును.

ఈ వైవిధ్యమునకు కారణము వెదకిన, అది సౌందర్యదృష్టి కాదు, స్థలాభావము. 1912లో బోస్టను నగరమున ఫెన్వే పార్కును కట్టినప్పుడు ఎడమప్రక్క లాన్స్‌డౌన్ వీధి అడ్డు వచ్చినందున కంచె దగ్గరలోనే ఆగిపోయెను. నేటి లెక్కన ఆ దూరము 310 అడుగులే. దగ్గరతనమునకు పరిహారమన్నట్లు నేడచ్చట 37 అడుగుల ఆకుపచ్చ గోడ నిలిచియున్నది. న్యూయార్కునందలి పోలో గ్రౌండ్సు స్నానపుతొట్టి ఆకారమున నుండెను. కుడిగీత వెంబడి కంచె 258 అడుగులే, నడిమధ్యమున 483 అడుగులు. వృత్తిక్రీడలకు ధనము పెరిగినకొలది ఇట్టివి అరుదైనవి. చిన్నకళాశాలలలో మాత్రము గ్రంథాలయమునకును, వసతిగృహమునకును, వాగునకును, కొండవాలునకును నడుమ మిగిలిన జాగాయే మైదానము. అచ్చట భూమి చెప్పినట్లు ఆట వినవలసినదే.

చిన్నకళాశాల యనగా నేమో కొంత వివరింపవలెను. అమెరికా కళాశాలల క్రీడాసంఘము 1973లో తన సభ్యులను మూడు శ్రేణులుగా విభజించెను. మూడవ శ్రేణిలో నాలుగు వందలకు పైగా విద్యాసంస్థలు కలవు. అచ్చట ఆటలో నేర్పునకై స్కాలర్‌షిప్పు ఇచ్చుట నిషిద్ధము. ఉదయము రసాయనశాస్త్రపు ప్రయోగశాలలో నున్న విద్యార్థియే మధ్యాహ్నము పిచ్చరుగా నిలుచును. వర్షము వచ్చినచో పిచ్చరు మట్టిదిబ్బపై గుడ్డను లాగి కప్పువాడును, ఆట ముగిసినపిదప దంతెతో మట్టిని చదును చేయువాడును తరచుగా ఆటగాడే. ఇట్టి కళాశాలలలో ఒక ప్రాంతమునకు చెందిన ఎనిమిదో పదియో కలిసి ఏర్పరచుకొన్న కూటమికి కాన్ఫరెన్సు అని పేరు. ప్రతి వసంతమునను వారు ఒకరి ఊరికొకరు బస్సులలో పోయి, శని ఆదివారములలో రెండు మూడు ఆటలు ఆడుకొని వత్తురు. తరతరములుగా ఒకే మైదానములను మరల మరల దర్శించుటచేత ప్రత్యర్థి కంచెలు కూడ వారికి చుట్టముల ఇండ్లవలె పరిచితములగును.

ఈ బాంధవ్యము మిక్కిలి ప్రాచీనమైనది. అమెరికా కళాశాలల నడుమ జరిగిన మొట్టమొదటి బేస్‌బాల్ పోటీ 1859 జూలై 1న మసాచుసెట్సు రాష్ట్రమునందలి పిట్స్‌ఫీల్డు పట్టణమున ఆమ్హెర్‌స్టు, విలియమ్సు కళాశాలల మధ్య జరిగెను. ఆమ్హెర్‌స్టు 73, విలియమ్సు 32. అది నేటి ఆట కాదు, పక్షమునకు పదుమువ్వురు, బంతిని పరుగెత్తువాని దేహమునకు విసరి కొట్టి ఔటు చేయుదురు, ఇరుప్రక్కల గీతలు లేవు, కనుక ఏ దిక్కునకు కొట్టినను చెల్లును. మరునాడు ఆ రెండు కళాశాలలే చదరంగమున తలపడగా అందును ఆమ్హెర్‌స్టే గెలిచెను. అంతర్యుద్ధమునకు ముందే మొదలైన ఈ వైరము నేటికిని సాగుచున్నది. ఆ రెండును 1971లో వెలసిన న్యూ ఇంగ్లండు చిన్నకళాశాలల కాన్ఫరెన్సునందు నేడును సభ్యులు.

ఆ కాన్ఫరెన్సునందే కనెక్టికట్ రాష్ట్రపు మిడిల్‌టౌన్ పట్టణమున వెస్లియన్ విశ్వవిద్యాలయము కలదు. దాని ఆండ్రస్ మైదానము ఊరి చివరగాని, ప్రాకారము వెనుకగాని లేదు. విద్యాలయపు నడిబొడ్డుననే యున్నది. ఆ పచ్చికపై శరత్కాలమున ఫుట్‌బాలును, వసంతమున బేస్‌బాలును ఆడుదురు. ప్రక్కనున్న ఫాస్ హిల్ అను గడ్డిగుట్టయే ప్రేక్షకుల వేదిక. పుస్తకము ఒడిలో పెట్టుకొని గుట్టవాలున కూర్చున్న విద్యార్థి తల యెత్తినచో ఆట, దించినచో చదువు. నా మట్టుకు నాకు ఇంతకంటె ఉత్తమమైన క్రీడామందిరము తోచదు. ఆమ్హెర్‌స్టునందు మెమోరియల్ హిల్ అను గుట్టపై యుద్ధమున మరణించిన పూర్వవిద్యార్థుల స్మారకము కలదు. అచ్చట నిలిచి చూచిన క్రింద ఆటస్థలములును, వానికావల హోలియోక్ పర్వతపంక్తియు ఒక్క చూపునకే అందును. పెన్సిల్వేనియాలోని హేవర్‌ఫర్డు కళాశాలయందు బేస్‌బాలుతోబాటు క్రికెట్టు కూడ కళాశాల జట్టు ఆటగా నేటికిని నిలిచియున్నది. దక్షిణాసియా కుటుంబముల పిల్లలనేకులు ఆ జట్టున ఆడిరి. మన పాఠకులకు ఆ మైదానమును తలచినంతనే కొంత ఆత్మీయత కలుగుట సహజము.

ఇక సొంతగడ్డ బలమెట్టిదో చూతము. ఇంట గెలిచి రచ్చ గెలువుమని మనవారన్నారు. ఆ మాట బేస్‌బాల్ విషయమున అక్షరసత్యము. కుడికంచె దగ్గరగా నున్న కళాశాల, ఆ దిక్కునకు సహజముగా బలముగా కొట్టగల ఎడమచేతివాటపు బ్యాటర్లను ఏరి తెచ్చుకొనును. వెలుపలిభాగము విశాలమైనచో శిక్షకుడు భుజబలము కంటె పాదవేగమునకు విలువ కట్టి, బంతిని గాలిలోనికి కొట్టనిచ్చు పిచ్చరును నిర్భయముగా దింపును. ఎంత ఎత్తు లేచినను పట్టుటకు తనవారున్నారని అతనికి తెలియును. లోపలి గడ్డిని కొంచెము పెరుగనిచ్చినచో నేలబారు బంతి మందగించును. కురచగా కోసినచో అది బాణమువలె దూసుకొనిపోవును. మూలకంచె యొక్క ఏ కోణమునకు తగిలిన బంతి ఏ వైపునకు మరలునో ఆతిథ్యజట్టువానికి నూరు సాయంత్రముల అభ్యాసమువలన తెలియును. అతిథిజట్టువాడు పరుగెత్తి వచ్చి బంతికై ఒకచోట నిలువగా అది వేరొకచోటికి పోవును. బంతి కంచె తీగలలో చిక్కుకొన్నచో దానిని ముట్టక రెండు చేతులు పైకెత్తవలెనను యుక్తిని మరచి, దానిని పీకి విసరబోవు నూతన విద్యార్థి తన జట్టునకు పరుగుల నష్టము తెచ్చిపెట్టును. కంచెయే లేని మైదానములందు బంతి వెలుపలివాని తలమీదుగా పోయినచో అది ఎంతదూరము దొర్లునో అంతవరకు వాడు వెంబడింపవలసినదే. ఆలోగా బ్యాటరు నాలుగు బేసులును చుట్టి రావలెను. అట్టిచోట హోం రన్ను భుజముల కష్టము గాక కాళ్ల కష్టమగును.

సూర్యుడును ఇందు భాగస్వామియే. హోంప్లేటు నుండి పిచ్చరు మీదుగా రెండవ బేసునకు పోవు రేఖ ఈశాన్యమునకును తూర్పునకును నడుమ నుండుట మేలని నియమావళి సూచించును. అప్పుడు అపరాహ్ణపు ఎండ బ్యాటరు వీపున బడును. స్థలము చాలక వేరు దిక్కునకు మరల్చిన మైదానమున సాయంసమయమున ఎవరో ఒకరి కన్నులు చెదరక తప్పదు. దీపములు లేని మైదానములందు చీకటి పడినచో ఆటను ఆపివేయుట కూడ కద్దు.

ఉత్తరరాష్ట్రములవారి కష్టము వేరు. ఫిబ్రవరిలో ఋతువు మొదలగునప్పటికి మిన్నెసోటా మైదానములు మంచు క్రింద నుండును. 1982లో తెరచిన మిన్నియాపొలిస్ మెట్రోడోము అను కప్పుగల మహాశాలను ఆ ప్రాంతపు కళాశాలలు అద్దెకు తీసికొని, పగటివేళ దొరకనందున అర్ధరాత్రి దాటినపిదప కూడ ఆడెడివి. కప్పు తెల్లనిది, బంతియు తెల్లనిది, ఎత్తుకు లేచిన బంతి కప్పులో కలిసిపోయి కనబడకుండుట అచ్చటి విశేషము. ఆ కట్టడమును 2014లో కూల్చివేసిరి.

మైదానములన్నిటికిని ఒకే కొలత విధించినచో న్యాయము చేకూరునని వాదించువారు కలరు. ఒక కళాశాల బ్యాటరు చిన్న మైదానమున గడించిన హోం రన్నులను, విశాలస్థలమున శ్రమించిన వేరొకని సంఖ్యలతో పోల్చి బహుమతు లిచ్చుట సరికాదను వారి మాటలో సత్యము లేకపోలేదు. మెత్త చుట్టని ఇనుపస్తంభము, ఎండలో కనబడని గొయ్యి, ఆటగాని మోకాలిని విరుగగొట్టగల మెట్టపల్లములు ఎచ్చటనున్నను తొలగింపవలసినవే. అందు వాదమునకు చోటు లేదు. కాని కొలతల విషయమున నేను వారితో ఏకీభవింపను. ఇరుజట్లును అదే కంచెకు కొట్టుచున్నవి, అదే వాలుపై పరుగెత్తుచున్నవి. పైగా నేడు అతిథియైనవాడు మరొక వారమునకు ఆతిథేయుడగును. ఒహాయోలోని మేరియెట్టా కళాశాల 1981, 1983, 1986, 2006, 2011, 2012 సంవత్సరములలో మూడవ శ్రేణి జాతీయ విజేతగా నిలిచెను. హార్ట్‌ఫర్డు పట్టణపు ట్రినిటీ కళాశాల 2008లో 45 ఆటలు గెలిచి ఒక్కటే ఓడి ఆ పట్టమును పొందెను. పట్టము తేల్చు ఆటలన్నియు సొంతగడ్డపైననే జరిగినవి కావు గనుక, ఈ విజయములను ఒక్క కంచె చలవగా ఎవరును కొట్టివేయజాలరు.

ఇట్టి మైదానము కళాశాలతోబాటే పుట్టి కళాశాలతోబాటే పోవును. అలబామాలోని బర్మింగ్‌హాం-సదరన్ కళాశాల 1856లో పుట్టిన సంస్థకు వారసురాలు. ఆర్థికసంకటమువలన 2024 మే 31న మూతపడునని ఆ మార్చిలో ప్రకటించిరి. బేస్‌బాల్ జట్టు ఋతువును విడిచిపెట్టక ఆడుచు, గెలుచుచు, ఒహాయోలోని ఈస్ట్‌లేక్ పట్టణమున జరిగిన జాతీయ అంతిమపోటీలకు అర్హత సంపాదించుకొనెను. ప్రయాణవ్యయమును దాతలు సమకూర్చిరి. మే 31న, అనగా తమ కళాశాల అంతరించిన దినముననే, వారు సాల్వే రెజీనా జట్టుతో ఆడి 7-5తో ఓడిపోయిరి. మరునాడు రాండాల్ఫ్-మేకన్ జట్టుపై చివరి ఇన్నింగ్సున కొట్టిన హోం రన్నుతో 9-7గా గెలిచిరి. జూన్ 2న విస్కాన్సిన్-వైట్‌వాటర్ చేతిలో 11-10గా, ఒక్క పరుగు తేడాతో ఓడుటతో వారి ఆట ముగిసెను. వారి చొక్కాలపై నున్న పేరుగల కళాశాల అప్పటికి లేదు. అదే నెల 20న అదే బర్మింగ్‌హాం నగరమున, 1910లో కట్టిన రిక్‌వుడ్ ఫీల్డును బాగుచేసి వృత్తిక్రీడల మహాజట్లు అచ్చట ఆడినవి. ఆ పాత క్రీడాస్థలి ఉద్ధరణకు సంతోషించినవారిలో ఎందరు అదే నగరమున మూతపడిన ఆ కళాశాల గుట్టపై మూగబోయిన స్ట్రిప్లిన్ బేస్‌బాల్ మైదానమును తలచిరో గాని, తలపవలసియుండెను.

అమెరికాలో చదువుచున్న బిడ్డలను చూచుటకు వసంతకాలమున పోవు తెలుగు తలిదండ్రులకు ఒక మాట. ఏప్రిలు నెలలో ఒక శనివారము మధ్యాహ్నము సమీపమున నున్న చిన్నకళాశాల మైదానమునకు పొండు. పెక్కుచోట్ల టిక్కెట్టు ఉండదు. ఆట అర్థము కాకున్న ప్రక్కవారినడుగుడు. బహుశః ఆ ప్రక్కవారు ఆడుచున్న పిల్లవాని తల్లియో తండ్రియో అయియుందురు, సంతోషముతో చెప్పుదురు. మొదట కంచె ఎంత దూరమున నున్నదో చూడుడు, పిదప ఆ దూరమెందులకో అడుగుడు. శాలువ యొకటి వెంట తీసికొనిపొండు. ఏప్రిలు నెలలోను అచ్చట చలిగాలి వీచును.