ఆగకుండా నడిచే సర్వరులో పోర్టు మార్పు

ఒక పెద్ద ఇంటిని నాలుగు వాటాలు చేసి నాలుగు కుటుంబాలకు అద్దెకు ఇవ్వడం మనం చూస్తూనే ఉంటాం. పునాది ఒకటే, పైకప్పు ఒకటే. ఎవరి తలుపు వారిదే. పెద్ద సర్వర్ కంప్యూటర్లను కూడా ఇలాగే వాటాలు చేస్తారు. ఈ వాటాలనే పార్టిషన్లు అంటారు. ప్రతి పార్టిషన్‌కూ కొంత ప్రాసెసర్ శక్తి, కొంత మెమరీ, సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటాయి. ఈ పంపకాన్ని చూసుకునే ప్రోగ్రామే హైపర్‌వైజర్.

ఐ.బి.ఎం. పవర్4 సర్వర్లలో 2001లో పార్టిషన్లు వచ్చాయి. వాటిని ఆపకుండానే వనరులను చేర్చే, తీసివేసే సౌకర్యం 2002లో ఏ.ఐ.ఎక్స్. 5.2తో కలిగింది. 2004 నాటి పవర్5 సర్వర్లలో వర్చువల్ ఈథర్‌నెట్ కూడా చేరింది.

వర్చువల్ పోర్టు అంటే ఏమిటి? ఇక్కడ కంటికి కనిపించే కార్డు గానీ తీగ గానీ ఉండవు. హైపర్‌వైజరే ఒక స్విచ్‌లా పనిచేసి, ఒక పార్టిషన్ పంపిన సమాచారాన్ని మరొక దానికి అందిస్తుంది. ప్రతి పోర్టుకూ ఒక వీలాన్ సంఖ్య ఉంటుంది. ఒకే సంఖ్య గల పోర్టులే నేరుగా మాట్లాడుకోగలవు. ఈ సంఖ్యకు కేటాయించినవి 12 బిట్లు. కాబట్టి మొత్తం 4096 సంఖ్యలు సాధ్యం. వీటిలో 0, 4095 ప్రత్యేకించినవి కనుక మనకు మిగిలేవి 4094.

ఒక బ్యాంకు ఖాతాలు చూసే పార్టిషన్‌ను 10వ వీలాన్ నుంచి 20వ దానికి మార్చాలనుకుందాం. దానిని ఆపితే కౌంటర్ల ముందు జనం నిలిచిపోతారు. ఆపకుండా మార్చాలంటే హెచ్.ఎం.సి. అనే నియంత్రణ కంప్యూటర్ నుంచి ఆదేశం ఇవ్వాలి. చిక్కు ఇక్కడే ఉంది. ఆ ఆదేశం పార్టిషన్ లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరేది కూడా నెట్‌వర్క్ మీదుగానే! తీసివేయబోయే పోర్టే ఆ దారి అయితే, కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే.

అందుకే పనికి ఒక క్రమం ఉంది. ముందు 20వ వీలాన్‌తో రెండో అడాప్టర్‌ను చేర్చాలి. ఆపరేటింగ్ సిస్టమ్ దానిని గుర్తించాక, కొత్త నెట్‌వర్క్‌కు తగిన చిరునామా ఇచ్చి పరీక్షించాలి. రాకపోకలన్నీ దాని మీదికి మళ్ళిన తరువాతే పాతదానిని మొదట ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి, ఆపైన హెచ్.ఎం.సి. నుంచి తొలగించాలి.

ఇంతటితో పని పూర్తి కాలేదు. పార్టిషన్‌కు ఏమేమి ఇవ్వాలో ప్రొఫైల్ అనే పట్టికలో రాసి ఉంటుంది. మనం మార్చినది నడుస్తున్న స్థితిని మాత్రమే. లోపలి నుంచి రీబూట్ చేస్తే మార్పు నిలుస్తుంది. కానీ ఎప్పుడో పార్టిషన్‌ను పూర్తిగా మూసి, పాత ప్రొఫైల్‌తో తెరిస్తే 10వ వీలానే తిరిగి వస్తుంది. ఆనాటికి మార్పు సంగతి ఎవరికీ గుర్తుండకపోవచ్చు. కనుక మార్పును అదే రోజు ప్రొఫైల్‌లోకి ఎక్కించాలి. దానంతట అదే ఎక్కేలా చేసే ఏర్పాటు కూడా తరువాతి హెచ్.ఎం.సి.లలో ఉంది.

ఇదే సూత్రాన్ని మీ కళాశాల ప్రయోగశాలలో చూడవచ్చు. లినక్స్ కంప్యూటర్‌కు కేవలం ఆదేశంతో ఒక ఐ.పి. చిరునామా చేర్చండి, ఏ ఫైలులోనూ రాయకండి. తరువాత రీబూట్ చేసి, ఆ చిరునామా ఉన్నదేమో చూడండి.