జీవాక్షరములను దిద్దు పనివారు

విద్యార్థులారా! నల్లబల్లమీది పాఠమును మీరు నోటుపుస్తకములలోనికి ఎక్కించుకొనునపుడు తప్పులు దొరలుట సహజము. ఒకడు దీర్ఘమును విడుచును; మఱియొకడు ఒక పంక్తినే దాటిపోవును. అందుచేతనే ఉపాధ్యాయుడు పుస్తకములను తెప్పించుకొని ఎఱ్ఱసిరాతో దిద్దును. మన దేహమునందును ఇట్టి ఎక్కించు పనియు, దిద్దు పనియు రేయింబవళ్లు జరుగుచున్నవి. ఆ పనివారెవ్వరో, వారికి కావలసిన సరకేదో, ఆ సరకు కొఱవడినచో ఏమగునో తెలిసికొనుట మనకు మిగుల అవసరము.

మన దేహము లెక్కకు మిక్కిలియైన జీవకణములతో నిర్మింపబడినది. దాదాపు ప్రతి కణమునందును డి. ఎన్. ఏ. అను జంట తంతువులు కలవు. ఒక్క కణములోనివానిని విప్పి వరుసగా చాచినచో సుమారు 2 మీటర్ల పొడవుండును. తల్లినుండి సుమారు 300 కోట్లు, తండ్రినుండి సుమారు 300 కోట్లు అక్షరపు జతలు వానియందు కూర్పబడియున్నవి. అక్షరములు మాత్రము నాలుగే: ఎ, టి, జి, సి. ఒక పోగున ఎ యున్నచో ఎదుటి పోగున టి యుండును. జి యున్నచో సి యుండును. కావున ఒక పోగు రెండవదానికి అచ్చువంటిది. ఈ నిర్మాణమును 1953వ సంవత్సరమున వాట్సన్, క్రిక్ అను పండితులు వెల్లడించిరి.

కణము రెండుగా చీలుటకు ముందు ఈ గ్రంథమంతయు మఱొక ప్రతిగా వ్రాయబడవలెను. వ్రాయువారు మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు. పప్పులు, గ్రుడ్లు తినుట కండపుష్టికొఱకే యని పలువురు తలంతురు. కాని మనము తినిన మాంసకృత్తులు కడుపులో విడిపోయి, ఆ ముక్కలతో కణము తనకు వలసిన పనివారిని స్వయముగా నిర్మించుకొనును. వారిలో హెలికేసు అనునది జంట పోగులను విడదీయును. పాలిమరేజు అనునది ప్రతి పోగునకును ఎదురుగా తగిన అక్షరములను వరుసగా చేర్చును. లైగేసు అనునది తునుకలను అతికించును. పాలిమరేజును మొదట 1956లో ఆర్థర్ కోర్న్‌బర్గ్ అను అమెరికా దేశీయుడు సూక్ష్మజీవులయందు కనుగొని, 1959లో నోబెల్ బహుమానము పొందెను.

ఈ లేఖకుడును తప్పులు చేయకపోడు. సుమారు లక్ష అక్షరములకొక తప్పు దొరలును. కాని వ్రాయుచునే వెనుదిరిగి చూచి, తప్పక్షరమును తొలగించి మరల వ్రాయు శక్తి దానికే కలదు. అప్పటికిని మిగిలినవానిని వేఱు మాంసకృత్తులు వెదకి దిద్దును. తుదకు నూఱు కోట్ల అక్షరములకొక తప్పు మిగులుటయే అరుదు.

వ్రాతతప్పులే కాక, వ్రాసిన పిదప కలుగు చెఱుపును గలదు. వేసవియందు మన చిత్తూరు జిల్లా మామిడితోటలలో పనిచేయువారి చర్మముపై పడు ఎండలోని అతినీలలోహిత కిరణములు, ప్రక్కప్రక్కనున్న అక్షరములను ఒకదానితో నొకటి అంటుకొనునట్లు చేయును. అపుడు కొన్ని మాంసకృత్తులు ఆ చోటును గుర్తించి, చెడిన ముక్కను కత్తిరించి తీసివేయును, పాలిమరేజు ఎదుటి పోగును చూచి ఖాళీని పూరించును, లైగేసు అతికించును. ఈ మరమ్మతు శక్తి పుట్టుకతోనే లోపించిన బిడ్డలు కొందఱున్నారు. వారు ఎండ తగిలినంతనే బాధపడుదురు; పసితనముననే చర్మమున పుట్టకురుపు, అనగా కేన్సరు, కలుగవచ్చును. మరమ్మతు రీతులను విశదపఱచిన లిండాల్, మోడ్రిచ్, సంజార్ అను మువ్వురకు 2015లో నోబెల్ బహుమానము లభించినది.

ఇక పనివారికి కావలసిన బలమును, సరకును గూర్చి చెప్పవలెను. ఇచ్చట మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపక తప్పదు. ఆయన 1895లో భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషను మూడవ పర్యాయమునగాని ఉత్తీర్ణుడు కాలేదు. ఆయన సోదరుడు స్ప్రూ అను జీర్ణవ్యాధిచే మరణించెను. అమెరికాకు వెడలిన పిమ్మట, 1929లో ఫిస్క్ అను ఆచార్యునితో కూడి, కండరములయందు ఏ. టి. పి. అను పదార్థమును కనుగొనెను. హెలికేసు పోగులను విడదీయుటకు వినియోగించు బలము ఈ పదార్థమునుండియే వచ్చును.

1945లో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారు చేయబడెను. టి అక్షరమును సిద్ధము చేయుటకు ఈ ఆమ్లము కావలెను. అది చాలనిచో టి ఉండవలసిన చోట యు అను వేఱక్షరము పడును. దిద్దు మాంసకృత్తులు దానిని మాటిమాటికి కత్తిరింపగా పోగే తెగిపోవచ్చును. సరకు లేనిచో మరమ్మతే చేటగునన్నమాట! అపుడు క్రొత్త రక్తకణములు సరిగా పుట్టక రక్తహీనత కలుగును. సోదరుని బలిగొన్న స్ప్రూ వ్యాధి చికిత్సకే ఈ ఆమ్లము తోడ్పడుట గమనింపదగినది.

ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలమైన అమినోప్టెరిను అను మందును గూడ ఆయన బృందమే సమకూర్చెను. దానిచే కేన్సరు కణముల వ్రాతపనికి ఆటంకము కలుగును. 1948లో బోస్టను నగర వైద్యుడు ఫార్బర్ రక్తపు కేన్సరు సోకిన 16 మంది బిడ్డల కాముందు నీయగా, 10 మందికి కొంతకాలము గుణము కనబడెను. అదే సంవత్సరము ఆగస్టు నెలలో సుబ్బారావుగారు పరమపదించిరి. ఆ మందునకు చెల్లెలివంటి మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

తలిదండ్రులారా! ఆకుకూరలు, పప్పులు, మన మెట్టచేల వేరుసెనగలు ఫోలిక్ ఆమ్లము గలవి. బిడ్డలకును, విశేషించి గర్భిణీ స్త్రీలకును ఇవి ఎంతయు అవసరములు. ఆకుకూరలను మితిమీరి ఉడికించి నీరు పాఱబోయుట నష్టము. విద్యార్థులారా! సృష్టికర్త మన కణములయందు తప్పునకు తావిచ్చినను, దిద్దుకొను శక్తిని దానికి తోడుగా నుంచెను. ఎఱ్ఱసిరా గుర్తులను చూచి సిగ్గుపడకుడు. దిద్దుకొని మరల వ్రాయుడు. ఒక్కొక్క కణమును అనుదినము చేయుచున్న పని యిదియే.