ఉదయపు కళ్ల ఉబ్బు, రాత్రి భోజనపు ఉప్పు

నిద్ర లేచేసరికి కనురెప్పలు బరువెక్కి, కళ్ల కింద ఉబ్బి, పొద్దెక్కిన కొద్దీ ఆ ఉబ్బు తనంతట తానే తగ్గిపోతున్నప్పుడు, దాని కారణాన్ని వయసులో వెతకడానికి ముందు గత రాత్రి కంచంలో వెతకడం మంచిది. శరీరమంతటిలో అతి పలుచని చర్మం కనురెప్పలది. దాని కింది కణజాలం వదులుగా అల్లుకుని ఉండటం వల్ల, రక్తనాళాల నుంచి కణాల నడుమకు ఊరే కణాంతర ద్రవం కాస్త ఎక్కువైనా అక్కడ తొందరగా కనబడుతుంది. పగలు కాళ్ల వైపు దిగే ఈ ద్రవంలో కొంత, మనిషి వెల్లకిలా పడుకున్నాక ముఖం వైపు చేరుతుంది.

ఆ ద్రవాన్ని పెంచడంలో ఉప్పుదే ముఖ్యపాత్ర. రక్తంలో సోడియం గాఢతను శరీరం దాదాపు ఒకే స్థాయిలో కాపాడుకుంటుంది కనుక, ఉప్పు ఎక్కువైనప్పుడు దాహం పుట్టించి, మూత్రపిండాల ద్వారా నీటిని నిలుపుకుని ఆ గాఢతను సరిచేసుకుంటుంది. ఆసుపత్రుల్లో ఎక్కించే మామూలు సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ లెక్కన అదనంగా తిన్న ఒక్కో గ్రాము, విసర్జన అయ్యేదాకా, సుమారు 110 మిల్లీలీటర్ల నీటిని పట్టి ఉంచగలదు. పైగా మూత్రపిండాలు సోడియాన్ని బయటికి పంపే వేగం రాత్రివేళ మందగిస్తుంది.

తెలుగువారి రాత్రి భోజనంలో ఈ ఉప్పు కూరలో కన్నా నంజుళ్లలోనే ఎక్కువగా దాగి ఉంటుంది. ఆవకాయ, మాగాయ ఏడాదిపాటు నిలవ ఉండేది ఉప్పు బలం మీదే. అప్పడాలు, వడియాలు, పెరుగన్నంలోకి ఊరమిరపకాయలు కూడా చేరితే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజంతటికీ విధించిన 5 గ్రాముల హద్దు, అంటే సుమారు ఒక చెంచా, ఎప్పుడు దాటిందో తిన్నవారికి తెలియదు. నూడుల్స్, చిప్స్ పొట్లాల మీద ముద్రించే సోడియం అంకెను రెండున్నరతో హెచ్చిస్తేనే అసలు ఉప్పు పరిమాణం తేలుతుంది. ఊరగాయను పూర్తిగా మానడం చాలామందికి సాధ్యం కాదు, అవసరమూ కాదు. దానిని మధ్యాహ్నానికి మార్చి, రాత్రి చప్పటి పెరుగన్నంతో సరిపెట్టుకుని, తిన్న రెండు మూడు గంటలకు తలగడ కాస్త ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే చాలామందికి తేడా కనిపిస్తుంది. ఉబ్బుకు భయపడి రాత్రి మంచినీళ్లు మానేయడం మాత్రం పొరపాటే, ఎందుకంటే ఆరోగ్యవంతుల్లో ఎక్కువైన నీటిని మూత్రపిండాలు త్వరగానే వదిలేస్తాయి. దానిని పట్టి ఉంచేది ఉప్పు.

అయితే ప్రతి ఉబ్బూ తిండి వల్ల వచ్చేది కాదు. రోజంతా మారకుండా ఉండేది వయసుతో ముందుకు జారిన కొవ్వు కావచ్చు, దురదతో వచ్చేది ఎలర్జీ కావచ్చు. మందకొడితనం, బరువు పెరగడం తోడైతే థైరాయిడ్ పరీక్ష అవసరం. ముఖ్యంగా చిన్నపిల్లల కళ్లు వరుసగా కొన్ని ఉదయాలు ఉబ్బి, మూత్రం నురగగా వస్తుంటే, మూత్రపిండాల నుంచి ప్రొటీన్ కారిపోయే నెఫ్రోటిక్ సిండ్రోమ్‌ను అనుమానించి, ఉప్పు తగ్గించి చూద్దామని ఆగకుండా, వెంటనే వైద్యునికి చూపించి మూత్ర పరీక్ష చేయించాలి.