ఒక పళ్ళెంలో లీటరు పాలు

సంఘానికి పోసిన పాలు ఏమవుతాయని సభ్యులను అడిగితే పాకెట్ పాలు, పెరుగు, నెయ్యి, పాలపొడి అని వరుసగా చెబుతారు. చీజ్ పేరు చెప్పేవారు తక్కువ. చెప్పినా అది పట్నాల్లో పిల్లలు తినే పదార్థమని అంటారే గాని, తమ క్యానులోని పాలకూ దానికీ ఉన్న సంబంధాన్ని ఆలోచించరు. ఆ సంబంధాన్ని ఒక వంటకం ద్వారా వివరించదలచాము. అది ఫ్రాన్సు దేశపు వంటకం, పేరు క్రోక్ మదామ్. రెండు బ్రెడ్ ముక్కల మధ్య హామ్, చీజ్ పెట్టి, వెన్నలో వేయించి, పైన ఒక గుడ్డు వేసి ఇచ్చే ఫలహారమిది.

పాల సంఘాల పత్రికలో పరాయి దేశపు వంట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఈ ఒక్క పళ్ళెంలో పాలు మూడు రూపాల్లో ఉంటాయి: వెన్నగా, పాలుగా, చీజ్‌గా. వీటిలో ఏది నాసిరకమైనా తినేవారికి వెంటనే తెలిసిపోతుంది.

పేరు ఎలా వచ్చింది?

ఫ్రెంచి భాషలో ‘క్రోకే’ అంటే కరకరమని కొరకడం. ‘మొస్యూ’ అంటే అయ్యగారు, ‘మదామ్’ అంటే అమ్మగారు. గుడ్డు లేకుండా చేసినది క్రోక్ మొస్యూ. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగానికే ఇది పారిస్ నగరపు కాఫీ హోటళ్ళలో దొరికేది. మార్సెల్ ప్రూస్ట్ అనే రచయిత 1919లో వెలువరించిన నవలలో కూడా ఈ పేరు కనిపిస్తుంది. దాని మీద గుడ్డు పెడితే క్రోక్ మదామ్. పైనున్న గుడ్డు ఆనాటి స్త్రీలు పెట్టుకునే టోపీలా ఉంటుంది కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు.

కావలసినవి (ఇద్దరికి)

నలుపలకల బ్రెడ్ ముక్కలు 4, హామ్ ముక్కలు 2, తురిమిన చీజ్ 120 గ్రాములు, వెన్న 40 గ్రాములు, మైదా 20 గ్రాములు, పాలు 250 మిల్లీలీటర్లు, గుడ్లు 2, మెత్తగా నూరిన ఆవపిండి ముద్ద ఒక చెంచా, ఉప్పు, మిరియాల పొడి, చిటికెడు జాజికాయ పొడి.

హామ్ అంటే పంది తొడ మాంసాన్ని ఉప్పులో ఊరవేసి ఉడికించినది. అది తినని వారు కోడిమాంసపు ముక్కలు గాని, వేయించిన పుట్టగొడుగులు గాని పెట్టుకోవచ్చు. చీజ్ మాత్రం కరిగే రకమే కావాలి. ఫ్రాన్సులో దీనికి గ్రూయేర్, కోంతే, ఎమ్మెంతాల్ రకాలు వాడతారు.

చేసే విధానం

ముందుగా తెల్ల సాసు చేసుకోవాలి. దీనిని వారు బెషమెల్ అంటారు. సగం వెన్నను సన్నని సెగ మీద కరిగించి, మైదా వేసి, రంగు మారకుండా ఒకటి రెండు నిమిషాలు కలపాలి. పచ్చివాసన పోయిన తరువాత పాలను కొద్దికొద్దిగా పోస్తూ ఉండకట్టకుండా తిప్పాలి. పాలన్నీ ఒక్కసారిగా పోస్తే ఉండలు కడుతుంది. గరిటెకు అంటుకునేంత చిక్కబడ్డాక దించి, ఉప్పు, మిరియాల పొడి, జాజికాయ పొడి కలపాలి.

రెండు బ్రెడ్ ముక్కలకు ఆవపిండి ముద్ద పలుచగా రాసి, కొంచెం సాసు పూసి, హామ్ పెట్టి, చీజ్‌లో సగానికి పైగా చల్లి, మిగిలిన ముక్కలతో మూయాలి. పెనం మీద వెన్న వేసి, సన్నని సెగన రెండు వైపులా బంగారు రంగు వచ్చేవరకు వేయించాలి. సెగ ఎక్కువైతే బ్రెడ్ మాడుతుంది, లోపలి చీజ్ కరగదు. తరువాత పైన మిగిలిన సాసు పూసి, మిగిలిన చీజ్ చల్లి, పైసెగ ఉన్న ఓవెన్‌లో పొంగి ఎర్రబడే వరకు ఉంచాలి. ఓవెన్ లేనివారు పెనం మీదనే మూతపెట్టి రెండు మూడు నిమిషాలు ఉంచితే చీజ్ కరుగుతుంది, అయితే ఎరుపు రంగు రాదు. చివరకు పచ్చసొన చెదరకుండా వేయించిన గుడ్డును, మన హోటళ్ళలో హాఫ్ బాయిల్ అనే దానిని, పైన పెట్టి వేడిగా వడ్డించాలి.

పాల లెక్క

ఇక మనకు ముఖ్యమైన లెక్క చూద్దాము. ఒక్కరి వంతుకు చీజ్ 60 గ్రాములు. ఈ రకపు గట్టి చీజ్ కిలో తయారు కావడానికి సుమారు 10 లీటర్ల ఆవుపాలు కావాలి. కనుక 60 గ్రాములకు 600 మిల్లీలీటర్లు. సాసులో పాలు 125 మిల్లీలీటర్లు. వెన్న 20 గ్రాములు. అందులో కొవ్వు సుమారు 16 గ్రాములు. నాలుగు శాతం వెన్న ఉన్న ఆవుపాలయితే ఆ కొవ్వు 400 మిల్లీలీటర్ల నుండి వస్తుంది, ఏడు శాతం ఉన్న గేదెపాలయితే దాదాపు 230 మిల్లీలీటర్ల నుండి వస్తుంది. మూడూ కలిపితే ఒక్క పళ్ళేనికి ఆవుపాలు లీటరుకు పైగా పడతాయి. వెన్న తీసిన పాలు వేరే పనికి వస్తాయి గాని, వాటినీ ముందు పోయవలసినవాడు రైతే గదా!

ఈ లెక్కలో పెద్ద వాటా చీజ్‌ది. పాల మంచిచెడ్డలు ఎక్కువగా బయటపడేదీ అందులోనే.

చీజ్ కరుగుతుంది, పనీర్ కరగదు. ఎందుకు?

పుస్తకాల్లో చీజ్‌ను ‘జున్ను’ అని రాస్తారు. మన పల్లెల్లో జున్ను అంటే ఈనిన పశువు తొలిపాలతో చేసినది. రెండూ వేరు. పనీర్ కూడా వేరే. పనీర్‌కు పాలను బాగా కాచి, నిమ్మరసమో మరో పులుపో వేసి విరగ్గొడతాము. అప్పుడు పాలలోని మాంసకృత్తులన్నీ ఒకదానికొకటి బిగుసుకుంటాయి. మళ్ళీ వేడి చేసినా ఆ బిగువు విడదు. అందుకే పనీర్‌ను నూనెలో వేయించినా ముక్క ముక్కగానే ఉంటుంది.

గట్టి చీజ్‌కు పాలను అంతగా కాచరు. ముందు తోడు వేసినట్లుగా మేలు చేసే సూక్ష్మజీవులను కలుపుతారు. తరువాత రెన్నెట్ వేస్తారు. ఇది పాలు తాగే దూడ కడుపులో ఉండే ఎంజైము. సూక్ష్మజీవుల నుండి తీసినది కూడా ఉన్నది. శాకాహారులు మన దేశంలో చీజ్ కొనేటప్పుడు పాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూసుకోవాలి. రెన్నెట్ వల్ల పాలు గడ్డ కడతాయి. ఆ గడ్డను కోసి, తేట నీటిని తీసి, అచ్చులో పోసి, ఉప్పు పట్టించి, నెలల తరబడి మాగబెడతారు. ఈ గడ్డలో కేసీన్ అనే మాంసకృత్తులను సున్నపు ధాతువు, అంటే కాల్షియం, పట్టి ఉంచుతుంది. వేడి తగిలితే ముందు కొవ్వు కరుగుతుంది, తరువాత కేసీన్ పట్టు సడలుతుంది. క్రోక్ మదామ్‌ను కోసినప్పుడు చీజ్ తీగలు సాగడానికి కారణమిదే.

కొండల మీది పాల సంఘాలు

ఈ వంటకంలో వాడే కోంతే చీజ్ ఫ్రాన్సు తూర్పున, స్విట్జర్లాండు సరిహద్దులోని జూరా కొండల్లో తయారవుతుంది. ఒక్కొక్క చక్రం సుమారు 40 కిలోలు, దానికి పట్టే పాలు దాదాపు 400 లీటర్లు. కొద్దిపాటి ఆవులున్న ఒక్క ఇంటివారు ఒక్కనాటిలో అన్ని పాలు ఎక్కడ తేగలరు? అందుకే ఇరుగుపొరుగు రైతులు పాలను ఒకచోట చేర్చి చీజ్ చేసుకోవడం పదమూడో శతాబ్దం నుండే అక్కడ ఉన్నది. ఆ చీజ్ మంచు కురిసే చలికాలమంతా నిలువ ఉండేది, దూరపు సంతలకూ వెళ్ళేది. ఈ పాల సంఘాలను వారు ‘ఫ్రుయితియేర్’ అంటారు. మన దేశంలో తొలి సహకార పరపతి సంఘాల చట్టం 1904లో వచ్చిందన్న సంగతి గుర్తుంచుకుంటే, వారి అలవాటు ఎంత పాతదో తెలుస్తుంది.

కోంతేకు 1958లో ప్రాంతపు పేరుతో ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. నియమాలు కఠినమైనవి. మోంబెలియార్డ్, ఫ్రెంచి సిమెంటాల్ జాతుల ఆవుల పాలే వాడాలి. పాతర గడ్డి, అంటే సైలేజి, పెట్టరాదు. చీజ్ కనీసం నాలుగు నెలలు మాగాలి. సైలేజి మంచి మేతే, మన పశువులకు పెట్టవచ్చు. అయితే దానితో వచ్చే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పచ్చిపాలలో చేరితే, మాగుతున్న చీజ్ లోపల గాలి పుట్టి, నెలల తరువాత చక్రం ఉబ్బి పగులుతుంది. ఎవరి పాలతో వచ్చిందో అప్పటికి కనిపెట్టలేరు. తొట్టి ఒక్కటే కనుక నష్టం అందరిదీ.

మన సంఘాలకు దీనివల్ల తెలిసేదేమి?

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు పాలు పోసేచోట మేము ఎక్కువగా వినేది వెన్న శాతం గురించే. వెన్న శాతమే ధరకు ఆధారమైనచోట అది సహజమే. కాని వెన్న శాతం చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. పొదుగువాపుకు మందు వేసిన గేదె పాలు వెన్నలో ఏడు శాతం చూపవచ్చు. ఆ పాలలో మిగిలిన యాంటీబయాటిక్ మందు మేలు చేసే సూక్ష్మజీవులను చంపుతుంది. పెరుగు తోడుకోదు, చీజ్ పులియదు. కాచినంత మాత్రాన ఆ మందు పూర్తిగా పోదు. పులిసిన పాలలో సోడా కలిపితే పులుపు కనిపించకపోవచ్చు గాని, రెన్నెట్ వేసినప్పుడు గడ్డ సరిగా కట్టదు. క్యానులో ఒక్కరు పోసిన చెడ్డపాలు, మంచిపాలు పోసిన తక్కిన వారందరి కష్టాన్ని పాడుచేస్తాయి. ఈ విషయంలో జూరా రైతుకూ మన రైతుకూ తేడా లేదు.

కనుక సభ్యులు ఈ క్రింది సంగతులు పాటించవలసిందిగా కోరుతున్నాము.

1. పశువుకు మందు వేయించినప్పుడు, పశువైద్యుడు చెప్పిన గడువు తీరేవరకు ఆ పాలు సంఘానికి పోయరాదు. ఇంట్లో కూడా వాడరాదు.

2. పొదుగు కడిగి తుడిచి, తొలి ధారలను విడిగా నల్లని గుడ్డ మీద గాని గిన్నెలో గాని పిండి చూడాలి. తునకలు కనిపిస్తే ఆ పాలు వేరుగా ఉంచి పశువైద్యునికి చూపించాలి.

3. పితికిన పాలను ఆలస్యం చేయక కేంద్రానికి తేవాలి. పులిసిన పాలకు సోడా మందు కాదు.

4. మందు వేయించిన పశువుల వివరం కార్యదర్శికి ముందుగా చెప్పాలి. అలా చెప్పిన సభ్యుని తప్పుపట్టరాదు. చెప్పకుండా పోసినందువల్లనే సంఘానికి నష్టం.

కార్యదర్శులు ఈ నాలుగు అంశాలను పాలు పోసేచోట అందరికీ కనిపించేలా రాసి పెట్టి, రాబోయే సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించగలరు.