జెల్లీ లైకెన్లు

జెల్లీ లైకెన్లు అనేవి తడిసినప్పుడు ఉబ్బి జిగురుముద్దవలె మారే లైకెన్లు. ఒక శిలీంధ్రము, నాస్టాక్ అనే సయనోబాక్టీరియా (నీలి ఆకుపచ్చ శైవలం) కలిసి జీవించుట వలన ఇవి ఏర్పడతాయి. కొలీమా, లెప్టోజియం వీటిలో ముఖ్యమైన ప్రజాతులు. ఇవి కొలిమటేసి కుటుంబానికి చెందినవి. ఎండినప్పుడు నల్లని పెళుసు పొలుసులవలె ఉండి, చూపరుల దృష్టికి ఆనవు. మసాలా దినుసుగా వాడే రాతిపువ్వు కూడా లైకెనే గాని, దానిలోని భాగస్వామి ఆకుపచ్చ శైవలం కనుక అది ఈ కోవకు చెందదు.

నిర్మాణం, సహజీవనం

చాలా లైకెన్లలో శైవలాలు ఒక ప్రత్యేకమైన పొరగా అమరి ఉంటాయి. జెల్లీ లైకెన్లలో అటువంటి పొర లేదు. నాస్టాక్ కణాల గొలుసులు, శిలీంధ్రపు తంతువులు ఒకే జిగురులో కలగలిసి ఉంటాయి. ఆ జిగురు ప్రధానంగా నాస్టాక్‌దే. కనుక ఈ లైకెన్లకు పేరు తెచ్చినది శిలీంధ్రం కాదు, దాని భాగస్వామి. లెప్టోజియంలో పైన, క్రింద ఒక్క కణం మందం గల పలుచని కవచం ఉంటుంది. కొలీమాలో అదీ ఉండదు.

నాస్టాక్ కిరణజన్య సంయోగక్రియ ద్వారా గ్లూకోజును తయారుచేసి శిలీంధ్రానికి అందిస్తుంది. అంతేగాక, హెటిరోసిస్టులు అనబడే మందపాటి గోడలు గల కణాలలో గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది. ఆకుపచ్చ శైవలాలు ఈ రెండవ పని చేయలేవు. లైకెన్ అనేది రెండు జీవుల కలయిక అని స్విట్జర్లాండు వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ 1867లో ప్రతిపాదించినపుడు, ఆనాటి లైకెన్ పండితులలో పలువురు అంగీకరించలేదు. వారిలో ప్రముఖుడైన విలియం నైలాండర్, అంతకు ముందు సంవత్సరమే పారిస్ నగరపు గాలి లైకెన్లకు హాని చేస్తున్నదని గుర్తించినవాడు కావడం విశేషం.

నీరు, గాలి, విశాఖపట్నం

ఆకుపచ్చ శైవలాలు గల లైకెన్లు గాలిలోని తేమతోనే తిరిగి చురుకుగా మారగలవు. జెల్లీ లైకెన్లకు అది చాలదు. వాననీరో, మంచుబిందువులో తగలాలి. కావున విశాఖపట్నం వంటి తీరనగరంలో సముద్రపు గాలి ఎంత తేమగా ఉన్నా, వీటికి వానాకాలమే ముఖ్యమైన ఎదుగుదల కాలం.

తడిసినపుడే ప్రమాదమూ ఎక్కువ. బొగ్గు, ముడిచమురు మండినపుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడు నీటిలో కరిగి ఆమ్లమవుతుంది. మొక్కల ఆకులపై ఉండే మైనపు పూత లైకెన్లకు లేనందున అది నేరుగా లోనికి చేరి, పత్రహరితాన్ని, నత్రజని స్థాపనను దెబ్బతీస్తుంది. సయనోబాక్టీరియా గల లైకెన్లు ఇందుకు మరీ సున్నితమైనవి. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1957 నాటి చమురుశుద్ధి కర్మాగారం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం విశాఖను పారిశ్రామిక నగరంగా మార్చాయి. ఉత్తరాన కైలాస, దక్షిణాన యారాడ కొండల నడుమ నగరం గిన్నెవలె ఉండుట వలన పొగ త్వరగా చెదరదు. గాలిని కొలిచే యంత్రం ఆ గంట స్థితిని చెబుతుంది. ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే పెరిగే లైకెన్ అనేక సంవత్సరాల స్థితిని చూపుతుంది. అయితే బెరడుపై పెరిగేవాటికి ముదురు చెట్లు కావాలి. 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ తుఫానులో నగరంలోని చెట్లు పెద్దసంఖ్యలో కూలిపోయాయి.